ఎవరు కూర్చుంటే వాళ్ళ మీటలు

యార్డు క్వార్టర్లు, మూడో బ్లాకు
జూన్ 4

ఒరేయ్ తమ్ముడూ,

క్షేమమని రాయను, ఎందుకంటే క్షేమంగా లేను. నువ్వెలా ఉన్నావని కూడా అడగను, ఇప్పుడు నాకా సంగతి అక్కర్లేదు. ఫోన్ చేస్తే నువ్వు మీటింగులో ఉన్నానంటావు, నేను అరుస్తాను, నువ్వు సిగ్నల్ లేదని పెట్టేస్తావు. కాగితాన్ని మధ్యలో పెట్టేయలేవు కదా, చివరిదాకా చదువు.

నిన్న పరీక్ష తప్పాను. పంతొమ్మిదేళ్ళుగా క్రేను నడుపుతున్నదాన్ని, ఇంతవరకూ ఒక్క లోడు జారవిడవనిదాన్ని, కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి తప్పించారు. భద్రతా పరీక్షట, ఈ ఏడే మా యార్డుకి తెచ్చారు. తెర మీద ఒక యార్డు కనిపిస్తుంది. కంటైనర్లు, పట్టాలు, నీళ్ళ గుంటలతో సహా అచ్చం మాదిలాగే ఉంది. అందులో నేను నడుస్తూ పన్నెండు నిమిషాల్లో పది ప్రమాదాలు కనిపెట్టి, వాటి మీద మౌసుతో నొక్కాలి. పోగులు లేచిన స్లింగు తాడు, తెరిచి వదిలేసిన గేటు, హుక్కు కింద నిలబడ్డ మనిషి, ఇలాంటివి. ప్రమాదం ఎలా ఉంటుందో నాకొకడు నేర్పాలా? రెండేళ్ళ క్రితం వైరు తాడులో చిక్కి నా ఎడమచేతి నడిమి వేలూ ఉంగరపు వేలూ పోయాయి. ఆస్పత్రికొచ్చి బిస్కెట్లు పెట్టి వెళ్ళావు, గుర్తుండే ఉంటుంది.

నడవడానికి కీబోర్డు మీద నాలుగు మీటలు ఇచ్చారు. డబ్ల్యు నొక్కితే ముందుకి, ఎస్ నొక్కితే వెనక్కి, ఏ ఎడమకి, డి కుడికి. కుడిచేత్తో మౌసు పట్టుకుని తల తిప్పి చూడాలి, ఎడమచేత్తో ఈ నాలుగూ నొక్కాలి. మామూలు మనిషికి ఆ మీటల మీద ఏ వేళ్ళు పడతాయో నువ్వే చూసుకో. చూపుడు వేలూ, సరిగ్గా నాకు లేని ఆ రెండూ. నిజం క్రేనులో లివర్లు అరచేత్తో తోస్తాను, డాక్టరూ ఒప్పుకున్నాడు, యార్డూ ఒప్పుకుంది, ఈ తెర ఒప్పుకోలేదు. ఆరు ప్రమాదాలు దొరికాయి. మిగతావాటిలో రెండు దూరం నుంచి కనపడుతూనే ఉన్నాయి, అక్కడికి నడవలేకపోయాను. ఒంటి వేలితో మీటలు వెతుక్కునేసరికి గోడకి గుద్దుకుని గోడ మొహం చూస్తూ నిలబడ్డాను. పక్కన బాణం గుర్తుల మీటలున్నాయి, వాటినీ నొక్కాను, ఉలుకూ పలుకూ లేదు.

క్యాబిన్ తాళం తీసేసుకున్నారు. సెప్టెంబరులో మళ్ళీ పెడతారు, అందాకా గోడౌన్లో పెట్టెలకి చీటీలు అంటించుకోవాలి, అప్పుడూ తప్పితే ఇక క్రేను ఎక్కేదే లేదు. నాకు పని నేర్పిన పెద్దాయన కూడా తప్పారు. ఆయనకి మూడే దొరికాయి. బయటికొచ్చి, వయసైపోయిందమ్మా అన్నారు. అంతేనేమోనని నేనూ ఊరుకున్నాను.

తెర కింద మూల చిన్న అక్షరాల్లో మీ కంపెనీ పేరుంది. అది చూశాక నా ఒళ్ళు మండింది. రెండు సంగతులు చెప్పు. ఆ నాలుగు మీటలే కావాలని ఎవడు పెట్టాడు? నాకు కావలసినవి నేను పెట్టుకునే వీలు ఎందుకు లేదు?

అక్క

*

ఆఫీసు, నాలుగో అంతస్తు
జూన్ 15

అక్కా,

ఉత్తరం సగం చదివి, మంచినీళ్ళు తాగి, మిగతా సగం చదివాను. నాకూ బాధగానే ఉంది. నువ్వడిగినవాటికి వరసగా చెబుతాను, కాస్త ఓపిగ్గా చదువు.

ఆ నాలుగు మీటలు ఎవరో ఒకడు కూర్చుని నిర్ణయించినవి కావు. మొదట్లో ఒక్కో ఆటకి ఒక్కో తీరు ఉండేది. నడిచే ఆటల్లో చాలావాటికి బాణం మీటలే వాడేవారు. ఆ తర్వాత మౌసుతో చూపు తిప్పే ఆటలొచ్చాయి. మౌసు కుడిచేతిలో ఉంటుంది, బాణం మీటలూ కీబోర్డుకి కుడివైపే ఉంటాయి. రెండు చేతులూ ఒకే మూల చేరి ఒకదాన్నొకటి తోసుకుంటాయి, భుజాలు ముడుచుకుపోతాయి. అందుకని ఆడేవాళ్ళు ఎడమచేతిని ఎడమవైపుకి జరిపారు. అక్కడ డబ్ల్యు పైన, ఏ ఎస్ డి కింద, బాణం మీటల ఆకారమే దొరికింది. పైగా చిటికెన వేలికి షిఫ్ట్ అందుతుంది, బొటనవేలి కింద స్పేస్ ఉంటుంది, చుట్టూ తలుపు తియ్యడానికీ ఎగరడానికీ వంగడానికీ డజను మీటలుంటాయి. బాణం మీటల చుట్టూ ఏముంది, ఖాళీ.

కొందరు వేరే మీటలు వాడారు. ఒక పెద్ద పోటీలో గెలిచినవాడి ఏర్పాటు చూసి చాలామంది దాన్నే పెట్టుకున్నారంటారు. తర్వాత తయారుచేసేవాళ్ళు ఆటలోనే ముందుగా అవే పెట్టి ఇవ్వడం మొదలెట్టారు. ఒకళ్ళు పెట్టారని ఇంకొకళ్ళు పెట్టారు. ఇప్పుడు ఆటల కోసం అమ్మే కొన్ని కీబోర్డుల్లో ఆ నాలుగింటికీ వేరే రంగు కూడా ఉంటుంది. అంటే ఇది ఎవరి మీదో కక్షతో పెట్టింది కాదు, అందరి చేతులూ కలిసి తేల్చింది.

రెండోది, మీటలు మార్చుకునే పేజీ మొదట్లో ఉండేది. పరీక్ష కోసం సిద్ధం చేసేటప్పుడు దాన్ని తీసేశారు. పరీక్షంటే అందరికీ ఒకేలా ఉండాలి కదా.

నాకు తోచిన సలహా ఇది. డబ్ల్యు ఒక్కటే చూపుడు వేలితో నొక్కి ఉంచి, మలుపులన్నీ మౌసుతో తిప్పుకో. ఇలాంటి ఆట ఏదైనా తెచ్చుకుని రోజూ అరగంట అలవాటు చేసుకో. సెప్టెంబరుకి చాలా టైముంది. నీ పట్టుదల నాకు తెలుసు.

నీ తమ్ముడు

*

యార్డు క్వార్టర్లు
జూన్ 24

ఏరా మేధావీ,

నీ ఉత్తరం చదివి పళ్ళు నూరుకుంటూ రెండు రోజులు ఊరుకున్నాను. మొదటిరోజే రాసుంటే కాగితం చిరిగేది. నేనేమడిగాను, నువ్వేం రాశావు? చెయ్యి పనికిరావడం లేదంటే చేతులన్నీ కలిసి తేల్చాయని పాఠం చెప్పావు. నా చెయ్యిని అడగలేదే మరి. నువ్వు చెప్పిన పద్ధతి చేసి చూశాను కూడా. గోడ మూలకి వెళితే వెనక్కి రావాలి, కంటైనర్ల సందులో పక్కకి జరగాలి. ఒక్క డబ్ల్యుతో వెనక్కెలా నడుస్తారో నువ్వొకసారి నడిచి చూపించు.

అయినా ఆ మీటల గురించి నాకు పాఠం చెబుతావా? నాకు, నువ్వు? బాబాయి టైపు నేర్పే గది మర్చిపోయావా? నాకు పదిహేడు, నీకు పదకొండు. ఆరు కంప్యూటర్లు తెచ్చి, పిల్లలు ఆటలాడి పాడుచేస్తున్నారని బాబాయి స్క్రూడ్రైవరుతో ఆరు కీబోర్డులకీ బాణం మీటలు పీకి పెన్నుల డబ్బాలో వేసుకున్నాడు. ఇక ఆడరనుకున్నాడు పాపం. ఆ ఆటలో మీటలు మార్చుకునే పేజీ ఉందని కనిపెట్టింది ఎవరు? నేను. టైపు నేర్చుకుంటున్నదాన్ని కనుక నా ఎడమచేతి వేళ్ళు ఎక్కడ కూర్చోవాలో నాకు తెలుసు. ఎఫ్ మీద చిన్న గీత ఉంటుంది, చూడకుండానే చూపుడు వేలు దాన్ని పట్టుకుంటుంది. అందుకని ఈ, ఎస్, డి, ఎఫ్ పెట్టాను. అదే సరైన చోటు, ఇప్పటికీ అదే అంటాను. నువ్వు కూర్చుంటే నీ చిటికెన వేలు షిఫ్ట్‌కి అందలేదు, అందకపోతే పరిగెత్తడం కుదరదు. నువ్వు పరిగెత్తకుండా ఆడతావా? ఏడ్చి, ముక్కు చీది, మొత్తం ఒక మీట ఎడమకి జరుపుకున్నావు. డబ్ల్యు, ఏ, ఎస్, డి. ఊళ్ళో ఎవరినీ చూసి పెట్టుకోలేదు నువ్వు, నీ వేలు పొట్టిది కాబట్టి పెట్టుకున్నావు.

దాని మీద ఎంత కొట్టుకున్నామో గుర్తుందా? నువ్వు మార్చినవి నేను, నేను మార్చినవి నువ్వు. చివరికి నేనే చీటీ రాసి కంప్యూటర్ నెత్తిన అంటించాను. "ఎవరు కూర్చుంటే వాళ్ళ మీటలు." ఆ రోజు నుంచి గొడవ లేదు. కూర్చోగానే పేజీ తెరిచి ఎవరివి వాళ్ళు పెట్టుకునేవాళ్ళం, ఎంతసేపని, లేచి ఒళ్ళు విరుచుకునేంత.

ఆ ఆట తయారుచేసినవాళ్ళు మన మొహాలు ఎరగరు. ఎవరి వేలు పొట్టిదో, ఎవరు టైపు నేర్చారో వాళ్ళకి తెలీదు. అయినా ఆ పేజీ పెట్టారు. నువ్వు నా చెయ్యి చూశావు. కట్టు విప్పుతుంటే పక్కనే ఉన్నావు. బాబాయి మీటలు పీకితే మనం వేరేవి వెతుక్కున్నాం. మీరు వెతుక్కునే దారే మూసి పెట్టారు. అందరికీ ఒకేలా ఉండాలట. ఒకే కొలత చెప్పులు కుట్టించి అందరి కాళ్ళకీ తొడిగినట్టుంది.

"తీసేశారు" అని రాశావు. ఎవరు? ఆ గదిలో కూర్చుని దాన్ని తీసింది ఎవరో పేరు రాయి. ఆయనకే రాసుకుంటాను ఉత్తరం, నీకు శ్రమ తగ్గుతుంది.

అక్క

*

ఆఫీసు, నాలుగో అంతస్తు
జూలై 9

అక్కా,

నువ్వలా రాస్తే నాకూ కోపం వస్తుంది. నేనేమీ ఇక్కడ కాలు మీద కాలేసుకుని కూర్చోలేదు. నా పైన ముగ్గురున్నారు, ఏది కదిలించినా ముగ్గురూ సంతకం పెట్టాలి. నీకు క్యాబిన్‌లో నువ్వొక్కదానివే రాణివి, ఇక్కడ అలా కాదు.

జరిగింది చెబుతాను. మొదటిసారి ఈ పరీక్ష ఇంకో యార్డులో పెట్టినప్పుడు మీటలు మార్చుకునే పేజీ ఉంది. ఒక కంప్యూటర్ మీద రోజుకి పదిమంది రాస్తారు. ఒకడు మీటలు మార్చి వెళ్ళిపోతే తర్వాతవాడికి అవే మిగులుతాయి. వాడు డబ్ల్యు నొక్కితే మనిషి వెనక్కి పోతాడు. పరీక్ష పెట్టేవాళ్ళు మా మీద విరుచుకుపడ్డారు, వారమంతా ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. అప్పుడు ఆ పేజీ తీసేశాం. తీసేశాక ఫోన్లు ఆగాయి. నీలాంటి చెయ్యి ఒకటుంటుందని అప్పుడు ఎవరికీ తట్టలేదు.

ఇప్పుడు దాన్ని మళ్ళీ పెట్టాలంటే ఇంతకుముందు పరీక్ష తప్పినవాళ్ళ సంగతేమిటన్న ప్రశ్న వస్తుంది. అందుకని పైవాళ్ళు ఒప్పుకోరు, అడిగి లాభం లేదు.

కానీ నీకోసం ఒకటి చేశాను. ఇది జాగ్రత్తగా చదివి, కాగితం చించెయ్యి. పరీక్ష తెర తెరుచుకోగానే, నీ పేరు కొట్టడానికి ముందు, కింద విడిగా రాసిన మూడు మీటలూ ఒకేసారి నొక్కి ఐదు లెక్కపెట్టు. పాత పేజీ తెరుచుకుంటుంది. నీకు కావలసినవి పెట్టుకుని మూసెయ్యి. కొత్తగా పంపే కాపీలో ఇది ఉంటుంది, ఇంకెవరికీ తెలీదు. నీ ఒక్కదానికే. పెద్దాయనకి కూడా చెప్పకు, ఒకరికి చెబితే పదిమందికి చేరుతుంది.

ఇక నన్ను తిట్టడం ఆపుతావనుకుంటాను.

తమ్ముడు

*

యార్డు క్వార్టర్లు
జూలై 18

తమ్ముడూ,

తిట్టడం ఆపలేదు, గొంతు తగ్గించానంతే.

నన్ను దొడ్డిదారిన రమ్మంటావా? పంతొమ్మిదేళ్ళు నిచ్చెన మెట్లు ఎక్కి నా సీటుకి నేను వెళ్ళాను. ఇప్పుడు దొంగలా మూడు మీటలు నొక్కి, ఐదు లెక్కపెట్టి, వెనకున్నవాడు చూస్తున్నాడేమోనని బెదురుతూ నా సీటు నేను తెచ్చుకోవాలా? నేనేం తప్పు చేశానని? చేతిలో వేళ్ళు లేకపోవడం తప్పా? ఎవడైనా పట్టుకుంటే, చెయ్యి బాగోలేనిది మోసం చేసి పాసయ్యిందంటారు. ఇంకో పదేళ్ళ తర్వాత వచ్చే వేళ్ళు లేనివాడికి కూడా అదే పేరు అంటుకుంటుంది.

ఆఫీసులో అడిగి కనుక్కున్నాను. మొత్తం పదకొండుమందిమి తప్పాం. ఒకడికి మెడ తిరగదు, ఒకామెకి కీళ్ళ నొప్పులు, నాకు వేళ్ళు లేవు. మా మధ్యలో ఒకడికి మాత్రం నిజంగానే యార్డు ఏ దిక్కునుందో తెలీదు, వాడు తప్పడం న్యాయమే. పెద్దాయన ఉద్యోగం మానేశారు. మళ్ళీ పరీక్షదాకా ఆగమన్నాను, పిల్లలాటలో పిల్లలే గెలుస్తారమ్మా అని నవ్వి, గోడకి తగిలించిన టోపీ తీసుకుని వెళ్ళిపోయారు. గాలి ఎటు తిరిగిందో టోపీ అంచు చూసి చెప్పే మనిషి. ఆయనకి చెప్పకు అంటావా నువ్వు? నాకు అన్నం పెట్టే పని నేర్పింది ఆయన.

ఇంకో సంగతి. నీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. మొదటిదాంట్లో పేజీ "తీసేశారు" అన్నావు. నేను నిలదీశాక "తీసేశాం" అయ్యింది. చిన్నప్పుడు బాబాయి కళ్ళజోడు విరిగినప్పుడు కూడా ఇంతే. "విరిగిపోయింది బాబాయ్" అన్నావు, ఆ తర్వాత "మేం ఆడుతుంటే విరిగింది" అన్నావు, నన్నూ కలుపుకుని. ఆ రోజు నా వీపు మీద కూడా దెబ్బలు పడ్డాయి. నోరు మూసుకుని తిన్నాను. ఇప్పుడు తినను.

నీ రెండో ఉత్తరం చించలేదు. వచ్చే నెల ఐదున యార్డు అధికారి చేతికిస్తున్నాను. మూడు మీటల సంగతితో సహా. చాటుగా ఇవ్వడం నాకు చేతకాదు కాబట్టి ముందే చెబుతున్నాను. దానివల్ల నీకేమవుతుందో నాకు తెలుసు. తెలిసే ఇస్తున్నాను.

అక్క

*

ఇంటి నుంచి
జూలై 29

అక్కా,

తీసేశాను. నేనే.

నా పైవాళ్ళు ముగ్గురికీ ఆ పేజీ ఉన్నట్టే తెలీదు. ఫోన్లు ఆపించు అన్నారు, అంతే. దానికి రెండు దారులున్నాయి. ఒక మనిషి పరీక్ష అవగానే మీటలు వాటంతటవే మొదటిలా అయ్యేట్టు చెయ్యొచ్చు. అలా చేస్తే పేజీ ఉంటుంది, గొడవా ఉండదు. దానికి రోజున్నర పని. లేదా పేజీ తీసెయ్యొచ్చు. అది పది నిమిషాల పని. అది గురువారం సాయంత్రం. శుక్రవారం సెలవు పెట్టుకున్నాను, పిల్లల్ని తీసుకుని ఊరెళ్ళాలి. పది నిమిషాల పని చేసి, కుర్చీ లోపలికి తోసి, ఇంటికొచ్చేశాను. ఎవరినీ అడగలేదు. అందరికీ ఒకేలా ఉండాలన్న మాట తర్వాత ఎవరో అడిగితే అప్పటికప్పుడు కల్పించి చెప్పాను. చెప్పీ చెప్పీ నేనే నమ్మేశాను.

నువ్వు అడగని సంగతి ఒకటి కూడా రాస్తున్నాను, ఎందుకంటే నువ్వు ఎప్పటికైనా లెక్క చూసుకుంటావు. ఆ గురువారానికి నువ్వు ఆస్పత్రి నుంచి వచ్చి మూడు వారాలే అయ్యింది. నీ చెయ్యి కళ్ళారా చూసొచ్చాను. ఆ పేజీ తీస్తున్నప్పుడు నాకది గుర్తే రాలేదు. గుర్తొచ్చి కూడా తీశానంటే కనీసం దుర్మార్గుణ్ణని అనుకోవచ్చు. గుర్తే రాలేదు.

నా రెండో ఉత్తరం అధికారికి ఇవ్వకు. నన్ను కాపాడమని కాదు. అందులో అబద్ధం ఉంది. దీనితో ఇంకో కాగితం పెట్టాను, అది ఇవ్వు. పేజీ ఎప్పుడు తీశానో, ఎందుకు తీశానో, దానివల్ల పరీక్ష కొలిచేది యార్డు తెలివిని కాదని, వేళ్ళనని రాశాను. మూడు మీటల దొంగదారి పెట్టింది కూడా రాశాను. ప్రతి వాక్యం నా పేరుతోనే ఉంది, కింద సంతకం ఉంది. ఇలాంటిదే ఒకటి ఇవాళ మా ఆఫీసులోనూ ఇచ్చాను.

నువ్వు నన్ను బెదిరించావు. తమ్ముణ్ణి, నెల ఐదో తారీకు గడువు పెట్టి బెదిరించావు. బెదిరించకపోతే నేనిది రాసేవాణ్ణి కాదని నాకు తెలుసు, అయినా ఆ కోపం నాకుంది. ఉండనీ.

తమ్ముడు

*

యార్డు క్వార్టర్లు
అక్టోబరు 11

తమ్ముడూ,

నువ్విచ్చిన కాగితం ఐదో తారీకునే ఇచ్చాను. అధికారి రెండుసార్లు చదివి, ఇతను నీకేమవుతాడని అడిగాడు. తమ్ముడన్నాను. సెప్టెంబరు పరీక్ష ఆపి, పేజీ మళ్ళీ పెట్టాకే జరిపారు. పాత పరీక్ష తప్పిన పదకొండుమందికీ మొదటి ఫలితం కొట్టేశారు.

నేను పాసయ్యాను. పదికి పది. ముందుకి నడవడం మౌసు కుడి బటన్‌కి పెట్టుకున్నాను. ఎడమకి జరగడానికి ఏ, చిటికెన వేలితో. కుడికి ఎఫ్, చూపుడు వేలితో. వెనక్కి రావడానికి బొటనవేలి కింద స్పేస్. లేని రెండు వేళ్ళ చోటు ఖాళీగానే ఉంది, వాటితో పనిలేదు. మూడు నిమిషాలు మిగిలాయి, తెర మీద యార్డంతా ఊరికే ఇంకో చుట్టు తిరిగాను. లేచేటప్పుడు ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. ఇంత తేలికా? ఇంత తేలికైనదానికి నాలుగు నెలలు గోడౌన్లో చీటీలు అంటించానా? మొన్న సోమవారం క్యాబిన్‌లో కూర్చున్నాక కూడా చల్లారలేదు.

మొత్తం తొమ్మిదిమందిమి పాస్. దిక్కులు తెలీనివాడు మళ్ళీ తప్పాడు, వాడికి ఎన్ని మీటలిచ్చినా అంతే. పెద్దాయన రాలేదు.

నిన్ను ఆ పని నుంచి తప్పించి ఫిర్యాదుల ఫోన్ దగ్గర కూర్చోబెట్టారని మరదలు చెప్పింది. జాలి పడాలో నవ్వాలో తెలీలేదు, కొంచెం కొంచెం రెండూ చేశాను. నీ మీద కోపం పోయిందని అనుకోకు. ఏదో ఒకరోజు పోతుంది, ఆ రోజు చెబుతాను.

నీకో పని ఉంది. పెద్దాయన మీ ఊళ్ళోనే కూతురి ఇంట్లో ఉంటున్నారు. నేను రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. యార్డు వాళ్ళు పంపిన పిలుపుకీ జవాబు లేదు. ఆ పరీక్ష తప్పింది వయసువల్ల కాదని ఆయనకి తెలియాలి. ఫోన్‌లో చెప్పకు, కాగితం పంపకు. ఆయన గుమ్మం ముందు నిలబడి, నువ్వెవరో చెప్పి, చేసిందేమిటో చెప్పు. తిరిగి రమ్మని అడుగు. చిరునామా కింద రాశాను.

అక్క

*

ఇంటి నుంచి
నవంబరు 2

అక్కా,

ఆదివారం పొద్దున వెళ్ళాను. పెద్దాయన వరండాలో మనవరాలి సైకిలు చైను ఎక్కిస్తున్నారు. నీ తమ్ముణ్ణనగానే మొహం విప్పారింది, లోపలికి రమ్మన్నారు. నువ్వు చెప్పినట్టు గుమ్మం ముందే నిలబడి అంతా చెప్పాను. గురువారం సాయంత్రం సంగతితో సహా. ఆయన చైను వదిలి, చేతులు గుడ్డతో తుడుచుకుంటూ విన్నారు.

విని, నా చేతులు బాగానే ఉన్నాయి బాబూ అన్నారు, పది వేళ్ళూ ఉన్నాయి, మరి నాకేమైందంటావు? నాకూ అర్థం కాలేదు. పరీక్షలో ఎలా కూర్చున్నారో చూపించమన్నాను. ఆయన బల్ల ముందు కూర్చున్నట్టు కూర్చుని, మౌసు పట్టినట్టు చెయ్యి పెట్టారు. ఎడమ చెయ్యి.

ఆయనది పుర్రచేతి వాటం, అక్కా. పంతొమ్మిదేళ్ళు పక్కన పనిచేశావు, నీకు తెలుసు. తెలిసీ నీకు తట్టలేదు, నీ వేళ్ళ మీదే ఉన్నావు. నిన్ను అనడం లేదు, అనే మొహం నాకు లేదు. మౌసు ఎడమచేత్తో పట్టుకుంటే డబ్ల్యు, ఏ, ఎస్, డి నొక్కడానికి కుడి చెయ్యి ఒంటి మీదుగా అడ్డం తెచ్చుకోవాలి. పన్నెండు నిమిషాలూ చేతులు పెనవేసుకుని ఆడారాయన. ఆయనకి బాణం మీటలు చాలు. కుడిచేతి కిందే ఉన్నాయి అవి.

అక్కడున్నవాళ్ళని ఒక్క మాట అడగాల్సింది కదండీ అన్నాను. అప్పుడాయన ఏమన్నారో చూడు. "అడగొద్దని కాగితం మీద రాసుంది కదా బాబూ, అందుకని అడగలేదు."

పరీక్షకి ముందు అందరికీ ఇచ్చే సూచనల కాగితం అది. ఏడో నంబరు. "మీటలు మార్చడం కుదరదు. దయచేసి అడగవద్దు." నీకూ ఇచ్చే ఉంటారు, నువ్వు చదివుండవు, చదివినా లెక్కచేసి ఉండవు. ఆయన ఏడు సూచనలూ చదివి, ఏడింటికీ కట్టుబడ్డారు. ఆ కాగితం రాసింది నేను. పేజీ తీసేసిన రోజే, ఇంటికెళ్ళే ముందు, ఇంక ఫోన్లు రాకూడదని.

అదీ చెప్పాను. ఆయన గుడ్డ పక్కన పెట్టి, "అడిగుంటే మార్చేవాడివా?" అన్నారు.

అబద్ధం చెప్పబోయాను. నోటిదాకా వచ్చింది. సొంత అక్క అడిగితేనే దొంగదారి చూపించినవాణ్ణి. మార్చేవాణ్ణి కానండీ అన్నాను.

"అయితే అడక్కపోవడమే నయమైంది," అని మళ్ళీ చైను పట్టుకున్నారు. కోపంగా అనలేదు అక్కా. నువ్వైతే ఇంకో నాలుగు అనేదానివి, నేను తల వంచుకుని వినేవాణ్ణి, ఇద్దరికీ తేలికయ్యేది. ఆయన టీ ఇప్పించారు. సైకిలు నిలబెట్టి పట్టుకోమంటే పట్టుకున్నాను. తిరిగి రండి అని అడగడానికి మూడుసార్లు నోరు తెరిచాను, రాలేదు.

నేను అడగలేను. నువ్వు రా, నువ్వే అడుగు.

తమ్ముడు